బేలా అమ్మమ్మ వేషం

2023 ఆగస్టు 6, ఆదివారం

పన్నెండు రొట్టెలు అయ్యాయి. ఇంకా ఆరు ఉన్నాయి. స్పాంజి కూరి, పైన గోధుమరంగు శాటిన్ తొడిగి, మూడు పాయలు జడలా అల్లడం... పిల్లలు అందులో దూరి చేతులు బయటపెట్టి డాన్సు చేస్తారట. యూదుల ఇళ్ళలో శుక్రవారం సాయంత్రం బల్ల మీద ఇలాంటి రొట్టె పెడతారని నయోమి ఫోటో చూపించింది. ఈ డ్రామా స్కూల్లో నాలుగేళ్ళుగా బట్టలు కుడుతున్నాను. సింహాలు కుట్టాను, చెట్లు కుట్టాను. రొట్టెలు కుట్టడం ఇదే మొదలు.

కుడుతూ పాడుకుంటున్నాను. తలెత్తితే నయోమి గుమ్మంలో ఉంది. నాటకం రాసిందీ నడిపించేదీ ఆవిడే. ఎంతసేపటి నుంచి నిలబడిందో.

"రాహేల్, నీ పేరు మా అమ్మమ్మ పేరు" అంది. ఇది పదోసారి. మా ఊళ్ళో పాస్టరుగారు పెట్టిన పేరు వాళ్ళింట్లో తరతరాలుగా ఉందట. తర్వాత అంది— జోలపాట ఒకటి ఉంది, తెర వెనక నుంచి రావాలి, నువ్వు పాడతావా అని.

పాడతానన్నాను. సూది వేలిలో దిగింది. చెప్పలేదు.

ఆగస్టు 8

నలభై మూడేళ్ళు. ఇంతవరకు నన్ను ఎవరూ ఏదీ పాడమని అడగలేదు. చర్చిలో కూడా వెనక వరసే.

ఆగస్టు 13, ఆదివారం

కథ ఈ రోజు మొత్తం విన్నాను. మంచు కురిసే ఊరు. రొట్టెలు కాల్చి అమ్ముకునే ముసలమ్మ, పేరు బేలా. ప్రతి శుక్రవారం పొద్దు కుంకే ముందు కిటికీలో రెండు కొవ్వొత్తులు వెలిగిస్తుంది. బల్ల మీద రెండు రొట్టెలు పెడుతుంది— ఒకటి తనకూ మనవరాలికీ, ఒకటి ఎవరొస్తే వాళ్ళకు. కొత్తగా వచ్చిన అధికారి యూదుల కిటికీల్లో వెలుగు కనబడకూడదంటాడు. ఆ అధికారే మంచు తుపానులో దారి తప్పి, ఆ వెలుగు చూసుకుంటూ వచ్చి ఆమె తలుపే కొడతాడు. ఆమె తీస్తుంది. అంతే కథ. మధ్యలో రొట్టెల డాన్సు, బాతుల డాన్సు. చంటిపిల్లలనైనా తీసుకురావచ్చు.

ఇలాంటి యూదుల నాటకం ఈ దుబాయ్‌లో టికెట్టు పెట్టి ఆడటం, ఇజ్రాయెల్‌తో ఈ దేశానికి పొత్తు కుదరకముందు, నాలుగేళ్ళ కిందట కలలో మాట అంది నయోమి. డిసెంబరులో ప్రదర్శన.

బేలా వేషం వేస్తున్న ఆవిడ భర్తకు బదిలీ అయింది. ఆవిడ వెళ్ళిపోతోంది. నయోమి తల పట్టుకుని కూర్చుంది. నా వైపు చూసింది... రెండుసార్లు చూసింది.

అజ్మాన్ బస్సులో ఇంటికి వస్తూ అద్దంలో చూసుకున్నాను. తెల్లజుట్టు పెడితే అరవై అయిదేళ్ళ దానిలా ఉంటాను. మంచిదే.

ఆగస్టు 20, ఆదివారం

తప్పు నాదే. నేనే తీసుకెళ్ళాను.

చర్చి అయ్యాక సలోమి నాతో బస్సెక్కింది. అయిదింటికి మిర్దిఫ్‌లో తను పనిచేసే ఇంట్లో ఉండాలి, ఈలోగా రెండు మూడు గంటల ఖాళీ. "ఊరికే కూకుంటానక్కా, ఏసీలో" అంది. మాది రాజోలు, దానిది మలికిపురం. దుబాయ్ వచ్చిన కొత్తలో ఏడుస్తూ కూర్చుంటే దగ్గరికి తీసింది నేను. తను పనిచేసే ఇంటి శిరీష మేడమ్‌కి నన్ను చూపించి, ఆవిడ జాకెట్లన్నీ కుట్టే పని నాకు ఇప్పించింది అది. అలా మాకు అయిదేళ్ళు.

పియానో దగ్గర హనా, నాటకం పాటలన్నీ వాయించేది ఆమే. జోలపాట మొదలుపెట్టింది. నేను పాడాను. బాగానే పాడాను. రెండో చరణంలో మూల కూర్చుని రొట్టెల వేషాలు సర్దుతున్న సలోమి లోగొంతుతో కలిపింది— చర్చిలో కలిపినట్టే, అలవాటు కొద్దీ. బస్సంతా నేను పాడుకుంటుంటే విని పట్టేసిన పాట.

హనా వేళ్ళు ఆగాయి. వెనక్కి తిరిగింది. నా వైపు కాదు.

దాన్ని ఒక్కదాన్నే పాడమన్నారు. అది ప్రార్థనకు కప్పుకున్నట్టు తల మీద చున్నీ కప్పుకుంది, కళ్ళు మూసుకుంది, పాడింది. మనవరాలి వేషం వేసే లియాకు ఏడేళ్ళు, ఒక్క నిమిషం కుదురుగా ఉండదు. వచ్చి దాని కాళ్ళ దగ్గర కూర్చుంది.

అప్పుడే తెలిసిపోయింది నాకు.

"ఈమే బేలా" అంది నయోమి. "ఎంత మంచి గొంతు తెచ్చిచ్చావు రాహేల్." తెర వెనక పాట సంగతి నేనే అడిగాను. ఇక అక్కర్లేదు కదా, స్టేజి మీద ఆమే పాడుతుంది కదా అంది. నవ్వుతూనే అంది.

బస్సులో సలోమి— "నీకు కోపం రాలేదు కదక్కా?"

"నాకెందుకే కోపం."

ఆగస్టు 22

బేల అంటే మన భాషలో ఏమీ తెలియని అమాయకురాలు. సరిగ్గా సరిపోయింది దానికి.

ఆగస్టు 27, ఆదివారం

సలోమి కొలతలు తీసుకున్నాను. ఛాతీ, నడుము, భుజం. జాకెట్టు విప్పితే వీపు మీద మచ్చ— మెడ కింద నుంచి నడుము దాకా, ముడతలు పడిన చర్మం. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదు.

"గంజక్కా" అంది. "అన్నం వార్చిన గంజి. ఆదివారం చర్చిలో ఆలీసమైందని. మా ఆయన."

టేపు మచ్చకు తగలకుండా పట్టుకున్నాను.

"అందుకే వచ్చేశానిక్కడికి. ఇక్కడ ఎంత చాకిరీ అయినా చేత్తాను. ఆ ఇంటికి మాత్రం ఎల్లను." జాకెట్టు తొడుక్కుంటూ, "నాటకం సంగతి మేడమ్‌కి చెప్పకక్కా. ముందు పనిచేసినావిడ పారిపోయిందంట. అందుకని ఆవిడకి భయం. నేను చర్చికనే చెప్పాను."

చెప్పనన్నాను. దాని చెయ్యి కూడా పట్టుకున్నాను.

దాని నడుము నాకంటే మూడంగుళాలు తక్కువ. రాసుకున్నాను.

సెప్టెంబరు 3, ఆదివారం

సలోమికి ఇంగ్లీషు మాట్లాడటం కొంచెం వచ్చు, చదవడం రాదు. పాటలన్నీ తెలుగు అక్షరాల్లో రాసివ్వమని అడిగింది. రాసిచ్చాను. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. తలుపు తీసి అధికారిని లోపలికి పిలిచే పాటలో ముసలమ్మ అంటుంది— లోపలికి రా బాబూ, బ్రెడ్ వెచ్చగా ఉంది అని. నేను ర-వత్తు వదిలేశాను. బెడ్ వెచ్చగా ఉంది.

మర్చిపోయి కాదు. ఇక్కడైనా నిజం రాయాలి.

ఈ రోజు అందరి ముందు పాడింది. పిల్లల అమ్మానాన్నలు ఇరవై మంది దాకా ఉన్నారు. అధికారి వేషం వేసినాయన వాక్యం మర్చిపోయి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. వెనక ఒకాయన పొట్ట పట్టుకున్నాడు. అందరూ పగలబడి నవ్వారు. పిల్లలకు ఎందుకో తెలియక వాళ్ళూ నవ్వారు. సలోమి ముఖం... నేను గుండీలు కుడుతున్నట్టు తల వంచుకున్నాను.

నయోమి నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. వెళ్ళి దాన్ని కావలించుకుంది. పదం సరిచేసి, మళ్ళీ పాడించింది. మళ్ళీ పాడినప్పుడు అంతకుముందు నవ్వినవాళ్ళే చప్పట్లు కొట్టారు. నిలబడి కొట్టారు.

బయటికొచ్చాక సలోమి— "అలిసిపోయినోడ్ని పడుకోమంటందేమో అనుకున్నానక్కా." తర్వాత నా భుజం తట్టింది. "నువ్వు కంగార్లో వత్తు మర్చిపోయుంటావులే. ఎన్ని పనులని చేత్తావు నువ్వైనా."

సెప్టెంబరు 5

బేలా గౌను కుట్టాను. మెడ పట్టీ అరంగుళం బిగించాను. ఊపిరి నిండా తీసుకుంటే పట్టేయాలి.

సెప్టెంబరు 7, గురువారం

గౌను సరిచూడటానికి నయోమి సలోమి వాళ్ళ మేడమ్ ఇంటి దగ్గర పార్కుకే కారులో వచ్చింది. నన్నూ తీసుకెళ్ళింది. సలోమి చెత్త పడేసే వంకతో బయటికొచ్చి, పావుగంటలో గౌను తొడుక్కుని, కారు పక్కన నిలబడి జోలపాట పాడింది. పాట అయ్యాక మెడ చుట్టూ ఎర్రటి గీత. "బాగుందక్కా, కొంచెం బిగువంతే" అంది. గొంతులో ఏ తేడా లేదు.

నయోమి గీత చూసింది. నన్ను చూసింది. "సరిచెయ్యి" అంది.

సెప్టెంబరు 9, శనివారం

శిరీష మేడమ్ ఇంటికి వెళ్ళాను. పట్టు జాకెట్టు కొలత. ఎప్పుడూ వెళ్ళే పనే.

చేతులు పైకెత్తించి చంక కింద టేపు పెడుతూ అన్నాను— "ఆదివారాలు సలోమిని నాటకానికి పంపుతున్నారు, ఎంత మంచి మనసండీ మీది. భలే పాడుతుంది."

"ఏం నాటకం?"

"అయ్యో... మీకు చెప్పలేదా అండీ?"

ఈ మాట బస్సులో నాలుగు రకాలుగా అనుకుంటూ వెళ్ళాను. ఇదే బాగుందనుకున్నాను.

చేతులు దించేసింది. "చర్చి అని చెప్పి పోతది కదా నాతోని. ఎవరుంటరక్కడ? మగోళ్ళు కూడా ఉంటరా?"

"అందరూ ఉంటారండీ."

అదొక్కటే అన్నాను. అబద్ధం ఒక్క ముక్క లేదు.

"ముందున్నది కూడా గిట్లనే. ఆదివారం ఆదివారం పోయింది, ఒకరోజు పోయి మళ్ళ రాలే. పోలీసుల చుట్టూ తిరిగింది నేను." ఆవిడ గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ ఉంది.

సలోమి టీ తెచ్చింది. అల్లం దంచి వేసింది, నాకు ఇష్టమని. కప్పు చేతికిస్తూ మేడమ్‌కి కనబడకుండా కన్ను గీటింది.

తాగాను. మొత్తం తాగాను.

సెప్టెంబరు 10, ఆదివారం

రాలేదు. లియా గుమ్మంలోనే నిలబడింది, రెండు గంటలు.

సెప్టెంబరు 12

సలోమి ఫోను, ఎవరి ఫోను నుంచో. గుసగుసగా. దాని ఫోను తీసేసుకున్నారట. వీసా కాన్సిల్ చేసి పంపించేస్తున్నారట.

"ఎక్కడికైనా పంపండి, ఆ ఇంటికి వద్దని కాళ్ళట్టుకున్నానక్కా. మా ఆయనకే ఫోన్ చేసేశారు, ఏర్‌పోర్టుకి రమ్మని." ఏడుపు. "నువ్వొచ్చి ఒక్క మాట చెప్పక్కా. మేడమ్‌కి నువ్వంటే గురి. నువ్వు చెప్తే ఇంటాది."

నిజమే. నేను చెబితే వినేదేమో.

చేతి నిండా పని ఉంది, చూస్తానులే అన్నాను. దేవుడి మీద భారం వెయ్యమన్నాను. ఆ మాట కూడా అన్నాను.

సెప్టెంబరు 14

వెళ్ళిపోయింది. మెడ పట్టీ విప్పాను. నడుము మూడంగుళాలు వదులు చేశాను.

సెప్టెంబరు 19, మంగళవారం

యూదుల కొత్త సంవత్సరం శని, ఆదివారాల్లో అయిపోయిందట. నయోమి మిగిలిన తేనె తెచ్చి ఆపిల్ ముక్కలు ముంచి అందరికీ నోట్లో పెట్టింది. సంవత్సరం తియ్యగా ఉండాలని.

సలోమి సంగతి అడిగింది. ఊళ్ళో ఏదో అవసరం వచ్చి వెళ్ళిపోయిందన్నాను. "ఒక్క మాటైనా చెప్పకుండానా?" అంది. నేను భుజాలు ఎగరేశాను. అలాంటిదేలే అన్నట్టు. అది నోటితో అన్నదానికంటే ఎక్కువ పని చేసింది.

వేషం నాకిచ్చింది. తేనె ఇంకా నాలుక మీద ఉంది.

లియా నా చెయ్యి పట్టుకోనంది. కిటికీ దగ్గర కొవ్వొత్తులు వెలిగించేటప్పుడు పట్టుకోవాలి. నయోమి బతిమాలింది. చివరికి చూపుడువేలు ఒక్కటి పట్టుకుంది, చెప్పు మీది పేడ తాకినట్టు. ఆ పిల్లని గిల్లాలనిపించింది. ఏడేళ్ళ పిల్లని.

సెప్టెంబరు 21, గురువారం

నయోమి కుట్టు గదిలోకి వచ్చి తలుపు వేసింది. తెలిసిపోయిందనుకున్నాను. చేతిలో కత్తెర బల్ల మీద పెట్టాను.

స్టూలు లాక్కుని కూర్చుంది. సోమవారం వాళ్ళకు పెద్ద ఉపవాసం. ఆ లోపల, ఏడాదిలో ఎవరిని బాధపెట్టారో వాళ్ళ దగ్గరికి తామే వెళ్ళి క్షమించమని అడగాలట. మనుషులకు చేసిన తప్పు మనుషులే క్షమించాలట, దేవుడు కల్పించుకోడట.

"ఆ రోజు నీకు పాట ఇచ్చి, అందరి ముందు తీసేసుకున్నాను. నీ ముఖం చూశాను. చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాను. క్షమిస్తావా?"

నన్ను. నన్ను అడుగుతోంది.

మాట్లాడటానికి నోరు తెరిచాను. ఆ గదిలో మేమిద్దరమే. తలుపు వేసి ఉంది. అప్పుడు చెప్పి ఉంటే...

"క్షమించాను మేడమ్" అన్నాను.

లేచి నా నుదుట ముద్దు పెట్టుకుంది.

అక్టోబరు 1, ఆదివారం

ఈ రోజు మొదటి నుంచి చివరి దాకా ఆడాం. తెల్లజుట్టు, గౌను, తలగుడ్డ. ఒక్క మాట తప్పలేదు. చప్పట్లు కొట్టారు— కూర్చుని. హనా పియానో మూస్తూ "బాగుంది" అంది. ఇంకేదో అనబోయి మానుకుంది.

పోస్టరు వచ్చింది. కింద చిన్న అక్షరాల్లో— బేలా: రాహేల్. ఫోటో తీసి మా చెల్లికి పంపాను. మా గదిలో ఆడవాళ్ళందరికీ చూపించాను. ఎందుకో శిరీష మేడమ్‌కి కూడా పంపాను.

అక్టోబరు 8, ఆదివారం

వెళ్ళేసరికి లైట్లు వెయ్యలేదు. పిల్లలు రాలేదు. నయోమి స్టేజి అంచున కూర్చుని ఫోను చెవి దగ్గర పెట్టుకుంటోంది, తీస్తోంది, మళ్ళీ పెట్టుకుంటోంది. వాళ్ళ అక్క కూతురు అక్కడే ఉందట, ఇజ్రాయెల్‌లో. నిన్నటి దాడి నుంచి ఫోను ఎత్తడం లేదట.

హనా వాళ్ళ అమ్మ తరఫు వాళ్ళది గాజా. ఇన్ని నెలలు నయోమి రొట్టెల పాటలన్నీ వాయించింది. ఆమె చేతిలోనూ ఫోను ఉంది. ఆమె పియానో మూత వేసింది, కాగితాలు సంచీలో పెట్టుకుంది. నయోమి ముందు నుంచే వెళ్ళింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

వాళ్ళిద్దరినీ చూస్తూ నేనేమనుకున్నానో రాయాలి. డిసెంబరు ప్రదర్శన ఉంటుందా, ఉండదా. అదే అనుకున్నాను.

అక్టోబరు 11

ఉండదు. హాలు వాళ్ళకు చెప్పేశారు. పోస్టర్లు తీసేశారు. తీసేసిన వాటిలో ఒకటి అడిగాను, నయోమి వినిపించుకోలేదు. అక్క కూతురు ఇక లేదట.

పద్దెనిమిది రొట్టెలు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి అటక మీద పెట్టాను. వాటి మీద గౌను పెట్టాను. దేని కోసం చేశానో అది అటకెక్కింది.

నవంబరు 19, ఆదివారం

చర్చిలో వెనక వరస. పక్కన ఖాళీ.

2024 ఫిబ్రవరి 4, ఆదివారం

కొత్త నంబరు నుంచి వాయిస్ మెసేజి. సలోమి. మూడు నిమిషాలు.

బాగానే ఉన్నానంది ముందు. తర్వాత, ఎడమ చెవి వినబడటం లేదంది. "కొట్టాడక్కా. రగతమొచ్చింది. ఆస్పత్రికి ఆలీసంగా తీసికెల్లారు. ఇప్పుడు పాడితే నా గొంతు నాకే సగం ఇనపడతాది. సుతి కలుత్తుందో లేదో తెలవట్లేదు." నవ్వింది. "నాటకం బాగా అయ్యిందా? బేలాగా ఎవరేశారు? లియా పాప నన్నడిగిందా?"

చివర్లో— "మేడమ్‌కి ఎవరు చెప్పారో తెలిసిందా అక్కా? నేను ఒకటే ఆలోచిత్తన్నాను. నాకక్కడ పగోళ్ళెవరూ లేరు కదా."

ఏడుసార్లు విన్నాను. నాటకం ఆగిపోయిందని మాత్రం రాసి పంపాను. చెవి గురించి జాగ్రత్త అని రాశాను.

సెప్టెంబరు 10, మంగళవారం

నయోమి పిలిచింది. ఏడాదిలో ఆవిడ పదేళ్ళు ముసలిదైంది. నాటకం మళ్ళీ మొదలుపెడుతుందట. హాలు కాదు, పోస్టర్లు లేవు, టికెట్లు లేవు— తన ఇంట్లో, ముందుగదిలో సోఫాలు జరిపి, తెలిసిన నాలుగు కుటుంబాలు. హనాకు ఉత్తరం రాసిందట. జవాబు రాలేదట. అయినా పియానో తెప్పించి ఉంచుతానంది.

"రొట్టెలు దించు" అంది. దించాను. రెండింటికి బూజు పట్టింది.

గౌను దులిపి నా మీద పెట్టుకున్నాను. నయోమి చూసి తల దించుకుంది.

"రాహేల్, నువ్వు మంచిదానివి, అర్థం చేసుకుంటావు. లియా ఇప్పటికీ సలోమినే అడుగుతోంది. నాకు ఇంట్లో సాయానికి మనిషి కావాలి. వీసా నేనే తీస్తాను, ఆమె వస్తుందేమో కనుక్కోవాలి. నీ దగ్గర నంబరు ఉందా?"

ఉంది. జేబులోనే ఉంది. అది వస్తే ఆ ఇంటి నుంచి బయటపడుతుంది. చెవికి ఇక్కడ మంచి డాక్టరు దొరుకుతాడు. ఇక్కడికొచ్చి నయోమితో ఒక్క పూట కూర్చుంటే, ఎవరికి ఊళ్ళో అవసరం వచ్చిందో, ఎవరు ఎవరికి ఏం చెప్పారో... ఇద్దరూ కలిపి చూసుకోవడానికి ఎంతసేపు.

"పాత ఫోనులో ఉండిపోయింది మేడమ్" అన్నాను. "వెతుకుతాను."

సెప్టెంబరు 14

నయోమి మెసేజి. దొరికిందా?

సెప్టెంబరు 15, ఆదివారం

చర్చి నుంచి వస్తుంటే సలోమి మెసేజి. మాటలు లేవు. జోలపాట పాడి పంపింది, మొదటి చరణం. చివర ఒక్క ముక్క— "సుతిలోనే ఉందా అక్కా? నీకైతే తెలుత్తుంది."

లేదు. రెండో పాదం దగ్గర జారింది.

సెప్టెంబరు 17

నయోమి మళ్ళీ అడిగింది. శుక్రవారం లోపల చెప్పమంది, లేకపోతే గౌను నా కొలతకే ఉంచేద్దామంది.

వెతుకుతున్నానన్నాను.